సేఫ్ అన్నారు... ఔటిచ్చారు!

బంతి కొట్టిన అమ్మాయి వెనక్కి చూడకుండా పరుగెత్తింది. బంతికంటే ముందే బేస్‌ను తాకింది. అంపైర్ రెండు చేతులూ బార్లా చాపి 'సేఫ్' అన్నారు. నిమిషం తిరక్కుండానే అదే అంపైర్ పిడికిలి బిగించి 'ఔట్' అన్నారు. చిత్రమేంటంటే... రెండూ సరైన తీర్పులే! సాఫ్ట్‌బాల్ మైదానంలో ఫస్ట్ బేస్ పక్కన ఒదిగి కూర్చునే నారింజ రంగు దిండు చేసే మాయ ఇది.

బోధన్ వైపు ఓ సర్కారు బడి మైదానం అనుకోండి. డిసెంబరు పొద్దు. పక్క చేలో చెరకు కోతకొచ్చి ఉంది. మైదానంలో బాలికల సాఫ్ట్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. చివరిదైన ఏడో ఇన్నింగ్స్. అప్పటికే ఇద్దరు ఔట్. ఒక్క పరుగు వస్తే స్కోరు సమం. మూడో బేస్ మీద ఒకమ్మాయి ఎప్పుడెప్పుడా అని కాచుకుని ఉంది.

బ్యాటర్ బంతిని నేలబారుగా కొట్టింది. ఫీల్డర్ అందుకుని ఫస్ట్ బేస్‌కు విసిరింది. బ్యాటర్ అప్పటికే బేస్ తాకి దాటేసింది. అంపైర్ సేఫ్ అన్నారు. మూడో బేస్ నుంచి బయల్దేరిన అమ్మాయి హోమ్ చేరింది. గట్టు మీద కూర్చున్న పిల్లలంతా కేరింతలు కొట్టారు. ఇంతలో ఫస్ట్ బేస్ దగ్గరున్న ఫీల్డర్ చేతిలో బంతితో అంపైర్ వైపు తిరిగి ఏదో చెప్పింది. అంపైర్ తలూపి, పిడికిలి పైకెత్తారు. ఔట్! ఆ పరుగూ లేదు, మ్యాచూ లేదు.

'తాకిన సార్... బంతికంటే ముందే తాకిన!' అంటూ ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె అన్నది అక్షరాలా నిజం. ముందే తాకింది. కానీ తాకింది తెల్ల బేస్‌ను. తాకాల్సింది నారింజ రంగు బేస్‌ను!

ఇది ఊహించుకున్న మ్యాచే. కానీ రెండు రంగుల బేస్ పరిచిన ఏ మైదానంలోనైనా ఎప్పుడైనా జరగగలిగే సంగతి. అంపైర్ పొరపాటు పడలేదు, అమ్మాయి అబద్ధమాడలేదు. మరి తేడా ఎక్కడొచ్చింది?

ఆడపిల్లల జిల్లా

ఆడపిల్లలు మైదానంలోకి దిగడం నిజామాబాద్‌కు కొత్తేమీ కాదు. 2014లో పదమూడేళ్ల వయసులోనే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ ఈ జిల్లాలోని పాకాల గ్రామం బిడ్డ. 2022లోనూ 2023లోనూ బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్ అయిన నిఖత్ జరీన్ సొంతూరు నిజామాబాదే. హాకీలో యెండల సౌందర్య, ఫుట్‌బాల్‌లో గుగులోత్ సౌమ్య భారత జట్టు జెర్సీ వేసుకున్నదీ ఇక్కడి నుంచి వెళ్లే. ఆ బాటలోనే సాఫ్ట్‌బాల్ బ్యాట్ పట్టే పిల్లలు నిజామాబాద్, ఆర్మూర్, బోధన్ బడుల్లో కనిపిస్తారు.

ఈ ఆట బడిపిల్లలకు నప్పడానికి కారణముంది. బేస్‌బాల్‌కు చెల్లెలి లాంటిదే అయినా దానంత పెద్ద మైదానం అక్కర్లేదు. బేస్‌బాల్‌లో బేస్‌కూ బేస్‌కూ మధ్య 90 అడుగులుంటే సాఫ్ట్‌బాల్‌లో 60 అడుగులే. అంటే దాదాపు 18 మీటర్లు. జట్టుకు తొమ్మిది మంది, మ్యాచ్‌కు ఏడు ఇన్నింగ్స్. గంటన్నర, రెండు గంటల్లో ఆట ముగుస్తుంది.

పైగా పాఠశాలల జాతీయ క్రీడల్లో సాఫ్ట్‌బాల్ ఉంది. అక్కడ ఆడి తెచ్చుకున్న ధ్రువపత్రం రేపు కాలేజీ సీటుకో, క్రీడా కోటా ఉద్యోగానికో అక్కరకొస్తుందని కూలికెళ్లే తల్లిదండ్రులు కూడా ఆశపడతారు. అందుకే ఒక్క ఔట్, ఒక్క సేఫ్ వాళ్లకు ఆటలో మాట కాదు. ఆ తీర్పు ఎలా పుడుతుందో తెలిస్తే పిల్లలకూ మంచిది, గట్టు మీద కూర్చుని అరిచే పెద్దలకూ మంచిది.

నారింజ ఎందుకొచ్చింది?

సాఫ్ట్‌బాల్‌లో బంతి కొట్టగానే బ్యాట్ పడేసి ఫస్ట్ బేస్‌కు పరుగెత్తాలి. ఆ 60 అడుగులు దాటడానికి పట్టేది సుమారు మూడు సెకన్లు. ఫస్ట్ బేస్‌కు ఒక సౌకర్యముంది. అక్కడ ఆగక్కర్లేదు. బేస్ తాకి, అదే వేగంతో ముందుకు దూసుకెళ్లి తిరిగి రావచ్చు. అందుకే ఏ అమ్మాయీ వేగం తగ్గించదు.

మరోవైపు నుంచి బంతి వస్తుంటుంది. దాన్ని అందుకునే ఫీల్డర్ ఒక కాలు బేస్ మీద ఆనించి, చేయి ముందుకు చాపి, చూపంతా బంతి మీదే పెట్టి నిలబడుతుంది. ఆమెకు పరుగెత్తుకొచ్చే అమ్మాయి కనిపించదు. పరుగెత్తే అమ్మాయికి బేస్ తప్ప మరొకటి కనిపించదు. ఇద్దరి కాళ్లూ పదిహేను అంగుళాల చదరం మీదే పడాలి. ఇక చెప్పేదేముంది? కాలి మీద కాలు, మోకాలికి మోకాలు. చీలమండ మెలిపడటం, వేళ్లు నలగడం, భుజాలు ఢీకొని కింద పడటం.

దీనికి కనిపెట్టిన విరుగుడే డబుల్ బేస్. సేఫ్టీ బేస్ అని కూడా అంటారు. పదిహేను అంగుళాల తెల్ల బేస్‌కు ఆనించి అంతే కొలతలో మరో బేస్ పెట్టారు. తెల్లది గీతకు లోపల, ఆట జరిగే వైపు ఉంటుంది. రెండోది గీతకు అవతల, ఫౌల్ వైపు ఉంటుంది. తేడా తెలియడానికి దానికి వేరే రంగు, ఎక్కువగా నారింజ రంగు వేస్తారు. ఫీల్డర్‌కు తెలుపు, పరుగెత్తే అమ్మాయికి నారింజ. ఎవరి దారి వాళ్లది. ఇరుకు సందులో ఎదురెదురుగా వచ్చే రెండు ఎడ్లబండ్లకు చెరో దారి చూపించినట్టన్నమాట!

వినడానికి ఇంత తేలిగ్గా ఉన్నా, ఈ విరుగుడు అంపైర్‌కు మాత్రం కొత్త పని పెట్టింది. ఒక్క బేస్ ఉన్నప్పుడు బంతి ముందా, కాలు ముందా అని చూస్తే చాలు. ఇప్పుడు ఎవరి కాలు ఏ రంగు మీద పడింది, ఆ సమయంలో ఆ రంగు వాళ్లదేనా అని కూడా చూడాలి.

అంపైర్ మనసులో మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: అసలు ఫస్ట్ బేస్ దగ్గర ఆట ఉందా? బంతి ఫీల్డర్లను దాటుకుని దూరంగా వెళ్లిపోయింది, ఫస్ట్ బేస్‌కు ఎవరూ విసరడం లేదు అనుకోండి. అప్పుడు ఢీకొనే ప్రమాదమే లేదు. అమ్మాయి తెల్లది తాకినా సరే, నారింజది తాకినా సరే. రెండో బేస్‌కు వెళ్లాలనుకునే పిల్ల తెల్లదాని లోపలి అంచు తొక్కి మలుపు తిరుగుతుంది కూడా. కానీ సాఫ్ట్‌బాల్ మైదానం చిన్నది. కుడి వైపు దూరంగా నిలబడ్డ ఫీల్డర్ సైతం బంతిని చటుక్కున అందుకుని ఫస్ట్ బేస్‌కు విసరగలదు. అలా విసిరితే అక్కడ ఆట ఉన్నట్టే. నారింజ తాకాల్సిందే.

రెండో ప్రశ్న: బంతి ఎటు నుంచి వస్తోంది? మామూలుగా బంతి మైదానం లోపలి నుంచి వస్తుంది. అప్పుడు ఫీల్డర్ తెల్లదాని మీదే కాలు పెట్టాలి. బంతి ముందే అందినా, ఆమె కాలు నారింజ మీద మాత్రమే ఉంటే అమ్మాయి ఔట్ కాదు.

అయితే అన్నిసార్లూ బంతి లోపలి నుంచే రాదు. మూడో స్ట్రయిక్ పడినా క్యాచర్ బంతిని పట్టుకోలేకపోతే, కొన్ని సందర్భాల్లో బ్యాటర్ ఫస్ట్ బేస్‌కు పరుగెత్తవచ్చు. క్యాచర్ చేజారిన బంతి ఒక్కోసారి ఫౌల్ వైపు దొర్లుతుంది. ఆమె అక్కడి నుంచే ఫస్ట్ బేస్‌కు విసురుతుంది. ఇప్పుడు బంతి దారి నారింజ మీదుగా వస్తోంది. ఫీల్డర్‌ను తెల్లదాని మీదే ఉండమంటే పరుగెత్తే అమ్మాయి వీపుకే బంతి తగులుతుంది. అందుకే ఇలాంటప్పుడు ఇద్దరికీ స్వేచ్ఛ. ఎవరైనా ఏ రంగైనా వాడుకోవచ్చు. విసిరిన బంతి గతి తప్పి ఫీల్డర్‌ను ఫౌల్ వైపు లాక్కెళ్లినప్పుడూ ఇదే సూత్రం.

మూడో ప్రశ్న: కాలు ఎక్కడ పడింది? ఇక్కడో చిన్న మినహాయింపు ఉంది. అమ్మాయి పాదం రెండు రంగులూ కలిసే చోట, కొంత తెల్లదాని మీద, కొంత నారింజ మీద పడితే తప్పు లేదు. నారింజను కాస్త తాకినా చాలు. తెల్లదాన్ని మాత్రమే తాకితేనే చిక్కు.

సేఫ్ ఎలా ఔటయింది?

మళ్లీ మన మ్యాచ్‌కు వద్దాం. ఫస్ట్ బేస్ దగ్గర ఆట ఉంది. బంతి లోపలి నుంచి వచ్చింది. అమ్మాయి తెల్లదాన్ని మాత్రమే తాకింది. నిబంధన ప్రకారం ఇది బేస్ తాకకుండా దాటేసినట్టే లెక్క. అలాంటప్పుడు అంపైర్ వెంటనే ఔట్ ఇవ్వొచ్చు కదా, సేఫ్ అనడమెందుకు?

జవాబు క్రికెట్ చూసేవాళ్లకు సులువుగానే అర్థమవుతుంది. ఫీల్డింగ్ జట్టు అప్పీల్ చేయకపోతే, బ్యాటర్ ఔటని తెలిసినా క్రికెట్ అంపైర్ వేలెత్తరు. ఇక్కడా అంతే. బంతికంటే ముందు అమ్మాయి బేస్ దాటింది కాబట్టి అంపైర్ సేఫ్ అంటారు. రంగు తప్పిన సంగతి తాను చూసినా పైకి చెప్పరు, ముఖంలోనూ కనిపించనివ్వరు. దాన్ని గమనించాల్సింది ఎదుటి జట్టు. అమ్మాయి తిరిగొచ్చి బేస్ మీద నిలబడేలోపు వాళ్లు అప్పీల్ చేస్తే ఔట్. చేయకపోతే గండం గడిచినట్టే!

ఆ ఫీల్డర్ అంపైర్‌కు చెప్పింది ఈ మాటే. అప్పటికే ఇద్దరు ఔటయ్యారు. మూడో ఔట్ ఫస్ట్ బేస్‌ను సక్రమంగా చేరకముందే పడింది. కాబట్టి హోమ్ చేరిన అమ్మాయి చేసిన పరుగు కూడా చెల్లదు. ముందు చెప్పిన 'సేఫ్' బంతికీ కాలికీ మధ్య జరిగిన పందేనికి తీర్పు. తర్వాతి 'ఔట్' రంగుకు సంబంధించిన తీర్పు. ఒకటి రెండోదాన్ని తప్పు పట్టడం లేదు.

నిలబడ్డాక తెలుపే!

ఇంకో తమాషా ఉంది. అమ్మాయి నారింజ తాకి ముందుకు దూసుకెళ్లింది, సేఫ్ అయింది. తిరిగొచ్చేటప్పుడు ఎక్కడ నిలబడాలి? తెల్లదాని మీదే. ఆ క్షణం నుంచి ఆమెకు నారింజ బేస్ లేనట్టే. అది బేస్ కాదు, ఉత్త నేల.

ఇది తెలియక నారింజ మీద కాలు పెట్టుకుని నింపాదిగా నిలబడే పిల్లలుంటారు. బంతితో వచ్చి ఆమెను తాకారంటే ఔట్. గాల్లోకి లేచిన బంతిని ఫీల్డర్ పట్టుకున్నాక తర్వాతి బేస్‌కు పరుగు తీయాలన్నా తెల్లదాని మీంచే బయల్దేరాలి. పిచ్చర్ బంతి వేశాక కాస్త ముందుకు జరిగిన అమ్మాయి, క్యాచర్ చటుక్కున ఫస్ట్ బేస్‌కు విసిరితే వెనక్కి దూకాల్సిందీ తెల్లదాని మీదికే. మొత్తం నిబంధనను పిల్లలకు ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇలా చెప్పొచ్చు: పరుగెత్తేటప్పుడు నారింజ, నిలబడేటప్పుడు తెలుపు.

ఢీకొంటే తప్పెవరిది?

అన్నిటికంటే కష్టమైన తీర్పు ఇది. రెండు బేస్‌లున్నా ఒక్కోసారి ఢీకొనడం తప్పదు. అప్పుడు అంపైర్ ఎవరి కాలు ఎవరి దారిలో ఉందో చూస్తారు.

ఫీల్డర్ తెల్లదాని మీద నిలబడి బంతి అందుకోబోతోంది. పరుగెత్తే అమ్మాయి నారింజను వదిలేసి తెల్లదాని మీదికే వచ్చి ఆమెను గుద్దుకుంది. ఇది ఆటకు అడ్డుపడటం కిందికొస్తుంది. అంపైర్ ఆట ఆపేస్తారు. అమ్మాయి ఔట్. మిగతా బేస్‌ల మీది అమ్మాయిలు ఆ క్షణానికి తాకిన చివరి బేస్‌కు వెనక్కి వెళ్లాలి.

తిరగేసి చూద్దాం. ఫీల్డర్ చేతిలో బంతి లేదు. అయినా నారింజ బేస్ ముందు దారికి అడ్డంగా నిలబడింది. పరుగెత్తే అమ్మాయి ఆమెను తప్పించుకోబోయి తడబడింది. ఇప్పుడు తప్పు ఫీల్డర్‌ది. దారికి అడ్డుపడినందుకు ఫలితం పరుగెత్తే అమ్మాయికే దక్కుతుంది.

ఇక్కడ అంపైర్‌కు దారి చూపేది ఆ నారింజ రంగు అక్కడికి ఎందుకొచ్చిందన్న ఎరుకే. అది వచ్చింది ఇద్దరినీ విడదీయడానికి. ఆ ఏర్పాటును ఎవరు చెడగొట్టారు అని చూస్తే జవాబు చాలావరకు దొరుకుతుంది.

కళ్లు బేస్ మీద, చెవులు బంతి మీద

మూడు సెకన్లలో ఇన్ని ఎలా చూస్తారు? ఇద్దరు అంపైర్లున్న మ్యాచ్‌లో పని పంచుకుంటారు. ఒకరు బేస్‌కు కాస్త ఎడంగా, బంతి దారి, బేస్ రెండూ కనిపించే కోణంలో నిలబడతారు. మరీ దగ్గరికెళితే పాదం కనిపిస్తుంది గానీ మిగతాది కనిపించదు. బంతి చేయి దాటేదాకా విసిరే ఫీల్డర్‌ను చూసి, ఆ వెంటనే చూపు బేస్ మీదికి మళ్లిస్తారు. తర్వాత బంతిని చూడరు, వింటారు! గ్లవ్‌లో బంతి పడ్డ చప్పుడు ముందా, బేస్ మీద కాలు పడటం ముందా అన్నది చెవీ కన్నూ కలిసి తేలుస్తాయి. హోమ్ దగ్గరి అంపైర్ వీలైనప్పుడు గీత వెంబడి నాలుగడుగులు ముందుకొచ్చి, అమ్మాయి తన దారిలోనే పరుగెత్తుతోందా, ఫీల్డర్ కాలు బేస్ మీంచి లేచిందా అన్నవి గమనిస్తారు.

గీత మీదికి వచ్చే బంతి సంగతి కూడా ఈ రంగులే తేలుస్తాయి. బ్యాట్‌కు తగిలిన బంతి నేలబారుగా వచ్చి తెల్లదాన్ని తాకితే ఫెయిర్. నారింజను మాత్రమే తాకితే ఫౌల్.

సాధనలో ఒకటి, పోటీలో రెండు

అసలు ఇబ్బంది నిబంధనలో లేదు, సాధనలో ఉంది. అన్ని బడులకూ డబుల్ బేస్ ఉండదు. చాలాచోట్ల సున్నంతో గీసిన చదరమో, ఒక్క తెల్ల బేసో ఉంటుంది. పిల్లలు ఏడాది పొడవునా దానిమీదే పరుగెత్తుతారు. కాళ్లకు అదే అలవాటవుతుంది. తీరా పెద్ద పోటీకి వెళితే అక్కడ రెండు రంగులు. బంతి వస్తోందన్న కంగారులో బుర్ర ఆలోచించదు, కాళ్లు అలవాటైన చోటికే వెళతాయి. మొదట్లో చూసిన అమ్మాయికి జరిగింది అదే.

దీనికి ఖర్చు లేని మార్గముంది. పల్లెల్లో సున్నం, జాజు లేని ఇల్లుండదు. గడపకూ గోడకూ అలికే ఆ జాజుతోనే తెల్ల చదరం పక్కన మరో చదరం గీస్తే సాధనకు చాలు. బంతి పక్కకు వస్తే ఒకలా, దూరంగా వెళితే ఇంకోలా, క్యాచర్ చేజారితే మరోలా... రోజూ పది పరుగులు తీయిస్తే కాళ్లే నేర్చుకుంటాయి. మ్యాచ్‌కు ముందు అంపైర్లు ఇద్దరు కోచ్‌లనూ పిలిచి మైదానం సంగతులు మాట్లాడుకునే ఆనవాయితీ ఎలాగూ ఉంది. ఫస్ట్ బేస్ ఒక్కటా, రెండా, అప్పీల్ ఎప్పుడు చేయాలి అన్నది అక్కడే తేల్చుకుంటే సగం గొడవలు తగ్గుతాయి.

1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడేదాకా బోధన్ బతుకు చెరకు చుట్టూ తిరిగింది. చెరకు పండించే ఏ రైతునడిగినా కాటా విలువ చెబుతాడు. ఏడాది కష్టం బండికెత్తి తెచ్చాక ఎన్ని టన్నులో తేల్చేది అదే. కాటా ఎంత చూపించినా రైతు ఒప్పుకుంటాడు గానీ, అదెలా తూగుతుందో తనకు తెలియకపోతే మాత్రం మనసు ఒప్పదు. ఆ ఇళ్ల పిల్లలకు అంపైర్ తీర్పూ అలాంటిదే. ఔటయినందుకు ఒక పూట ఏడ్చినా, ఎందుకు ఔటయిందో తెలిసిన పిల్ల మర్నాడు మళ్లీ మైదానానికొస్తుంది. ఈసారి ఆమె అడుగు నారింజ మీదే పడుతుంది.

తెలుసా?

* సాఫ్ట్‌బాల్ పుట్టింది 1887లో, అమెరికాలోని షికాగోలో. మొదటి ఆట నాలుగు గోడల మధ్య జరిగింది. బంతిగా బాక్సింగ్ గ్లవ్‌ను చుట్టి కట్టారు!

* పేరులో 'సాఫ్ట్' ఉన్నా ఇప్పటి బంతి మెత్తగా ఉండదు. చుట్టుకొలత 12 అంగుళాలు. మహిళల ఆటలో పిచ్చర్ 43 అడుగుల దూరం నుంచి, చేతిని కింది నుంచి తిప్పి విసురుతుంది.

* భారత సాఫ్ట్‌బాల్ సంఘం 1961లో ఏర్పడింది.

* ఒలింపిక్స్‌లో మహిళల సాఫ్ట్‌బాల్ 1996 నుంచి 2008 వరకు ఉంది. మళ్లీ 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో కనిపించింది. 2008లోనూ టోక్యోలోనూ స్వర్ణం జపాన్‌దే. 2028 లాస్‌ఏంజెలెస్ క్రీడల జాబితాలోనూ సాఫ్ట్‌బాల్‌కు చోటు దక్కింది.

* అమెరికా కాలేజీల సాఫ్ట్‌బాల్‌లో చాలాకాలం ఒక్క తెల్ల బేసే ఉండేది. 2026 సీజన్ నుంచి అక్కడా రెండు రంగుల బేస్ వచ్చింది.